కోడేరు బరిలో సినిమా కూత

అవుట్‌డోరు అనగానే మనకు గుర్తొచ్చేవి అరకులోయ, ఊటీ, గోదావరి గట్టు. ఎర్రమట్టి దుమ్ము లేచే పాలమూరు పల్లెకు కెమెరా మోసుకెళ్ళే నిర్మాతలు తక్కువ. అందుకే కోడేరు వెళ్తున్నానని చెప్పగానే “అక్కడ ఏ కంపెనీ షూటింగు?” అని అడిగాడు మా మిత్రుడు. ఏ షూటింగూ లేదు నాయనా, చెడుగుడు చూడ్డానికి పోతున్నానన్నాను. వాడు నా వైపు జాలిగా చూసి, ఇంకో టీ చెప్పాడు.

కోడేరు నాగర్‌కర్నూల్ జిల్లాలో ఒక మండల కేంద్రం. 2016లో కొత్త జిల్లాలు పుట్టక ముందు మహబూబ్‌నగర్ కిందే ఉండేది. ఇటు పానుగల్, అటు పెద్దకొత్తపల్లి, ఇంకాస్త దిగువకు వెళితే కొల్లాపూర్, అక్కడినుంచి సోమశిల, ఆ పైన కృష్ణానది. పత్తి చేలూ వేరుశనగ చేలూ, మధ్యమధ్య ఏనుగులు పడుకున్నట్టుండే నల్లరాతి గుట్టలూ. సంక్రాంతి వెళ్ళిన మూడో రోజున బస్సు దిగాను. సింగోటం జాతర జరిగే రోజులవి. హైదరాబాదు నుంచి, పూనా నుంచి, బొంబాయి నుంచి కూలికీ ఉద్యోగానికీ పోయినవాళ్ళంతా ఇళ్ళకు వచ్చి ఉన్నారు. హోటలు బల్లలన్నీ నిండి ఉన్నాయి. ఏ మూల చూసినా కొత్త చొక్కాలే.

పొద్దు గుంకే వేళకు బరి సిద్ధమయింది. బరి అంటే మీరు టీవీలో చూసే నీలిరంగు మ్యాటు కాదు. దున్ని, రాళ్ళేరి, నీళ్ళు చల్లి అణిచిన మట్టి. సున్నంతో గీతలు. నాలుగు వెదురు బొంగులకు లైట్లు. ఇంకో పక్కన... పాఠకులారా, ఇక్కడ కాస్త ఆగాలి... ఇంకో పక్కన ట్రాక్టరు ట్రాలీ మీద తాటిచెట్టంత ఎత్తున పేర్చిన సౌండు బాక్సులు! బరి కంటే ముందు అవి వచ్చాయట. “డీజే లేకుంటే జనం రారు సార్” అన్నాడు దగ్గరుండి నడిపిస్తున్న యువకుడు.

మొదటి జట్టు బరిలోకి దిగగానే ఆ బాక్సులు ఒక్కసారి గొంతు సవరించుకున్నాయి. హీరో ఎంట్రీకి వాడే మ్యూజిక్కు! గుండెల్లో డప్పు పెట్టి కొట్టినట్టుంది. ఆటగాళ్ళు కూడా మామూలుగా నడిచి రాలేదు. వరసగా, మెల్లగా, తలలు వంచుకుని వచ్చి, గీత దగ్గర మట్టి తాకి కళ్ళకద్దుకుని ఒక్కసారిగా తలలెత్తారు. స్లోమోషన్ కెమెరాలో పుడుతుందనుకునేవాణ్ణి ఇన్నాళ్ళూ. కోడేరు కుర్రాళ్ళు కెమెరా లేకుండానే స్లోమోషన్‌లో నడుస్తున్నారు!

ఈ నడక వాళ్ళకు ఎవరు నేర్పారు? సమాధానం మీకూ తెలుసు, నాకూ తెలుసు.

2003 సంక్రాంతికి ‘ఒక్కడు’ వచ్చింది. గుణశేఖర్ డైరెక్షను, మణిశర్మ సంగీతం, చార్మినార్ సెట్టింగు. మహేష్‌బాబు వేసింది కబడ్డీ ఆటగాడి వేషం. ఆట కోసం కర్నూలు పోతాడు, కొండారెడ్డి బురుజు దగ్గర ప్రకాష్‌రాజ్‌ను ఢీకొంటాడు, ఆ తర్వాత కథంతా పరుగే. ఆ కర్నూలు ఇక్కడికి దూరమేమీ కాదు, అప్పట్లో కృష్ణ దాటితే ఆ జిల్లాయే. నిజం చెప్పాలంటే అంత పొడుగు సినిమాలో బరి కనిపించేది కొద్దిసేపే. అయినా హాల్లోంచి బయటికొచ్చిన కుర్రాడి మనసులో మిగిలిందేమిటి? కబడ్డీ ఆడేవాడంటే ఎదురొచ్చిన ఎవడినైనా ఢీకొనగలవాడు! అంతవరకూ కబడ్డీ డ్రిల్లు మాస్టారి పీరియడు. ఆ తర్వాత అది హీరో లక్షణం.

అదే ఏడాది జగపతిబాబు ‘కబడ్డీ కబడ్డీ’ చేశాడు. 2010లో నాని ‘భీమిలి కబడ్డీ జట్టు’. అది తమిళంలో 2009లో సుశీంద్రన్ తీసిన ‘వెన్నిలా కబడి కుళు’కు తెలుగు రూపం. నన్నడిగితే ఈ వరసలో అన్నిటికంటే మట్టివాసన ఉన్నది అదే. గెలవడం చేతకాని జట్టు, ఎవరూ పట్టించుకోని కుర్రాళ్ళు. 2021లో గోపీచంద్ ‘సీటీమార్’లో ఆడపిల్లల జట్టుకు కోచ్ అయ్యాడు. సంగీతం మళ్ళీ మణిశర్మే. ‘ఒక్కడు’ చూసిన వాళ్ళ పిల్లలు ‘సీటీమార్’కు ఈల వేసే వయసుకొచ్చారన్నమాట.

అన్నట్టు ఆ రాత్రి బరి అంచున గురుకులం స్కూల్లో కబడ్డీ ఆడే ఒక అమ్మాయి కూర్చుని ఉంది. సినిమాలో ఆడపిల్లల ఆట బాగుందా అని అడిగాను. “సినిమా మంచిగనే ఉంది సార్. మేము ఆడ్తే మాత్రం ఎవ్వరు గిట్ల పాట వెయ్యరు” అంది. ఆ పిల్ల మాటకు నేనిప్పటికీ జవాబు వెతుక్కుంటున్నాను.

డాలస్ నుంచి వచ్చిన బొమ్మ

ఆటల మధ్య విరామంలో ఒక డిగ్రీ కుర్రాడు పరిచయమయ్యాడు. వాళ్ళన్న అమెరికాలో డాలస్ దగ్గర ఫ్రిస్కోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మన తెలుగువాళ్ళు గుంపులు గుంపులుగా స్థిరపడ్డ ఊరది. అక్కడే డాలస్ కౌబాయ్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ప్రధాన కార్యాలయం. అన్న పంపిన వీడియోలు ఫోన్‌లో చూపించాడు తమ్ముడు. “ఇది మన చెడుగుడే సార్. బాల్ ఒక్కటి ఎక్కువ” అన్నాడు. ఆలోచిస్తే తప్పేమీ కాదు. గీత దాటి అవతలివాడి నేలలోకి చొరబడడం, పదిమంది మీద పడి నేలకు అదిమిపెట్టడం, ఒక్క అడుగు కోసం ప్రాణాలు పెట్టడం. చెడుగుడు లాంటివే కదూ!

కుర్రాడికి తెలియని సంగతి ఒకటి నేను చెప్పాను. మీకూ చెబుతాను. కౌబాయ్స్‌ను ‘అమెరికా జట్టు’ అని పిలుస్తారు. ఆ బిరుదు జనం ఇచ్చింది కాదు, జట్టు పెట్టుకున్నదీ కాదు. 1978 సీజన్ మీద ఎన్.ఎఫ్.ఎల్. ఫిలింస్ అనే సినిమా కంపెనీ ఒక చిత్రం తీసి దానికి పెట్టిన పేరు! ఆ చిత్రం పోయింది, పేరు మాత్రం నలభై ఏళ్ళు దాటినా జట్టును వదల్లేదు.

ఆ కంపెనీ పుట్టుక కూడా సినిమా కథలానే ఉంటుంది. ఎడ్ సేబుల్ అనే ఆయన ఫిలడెల్ఫియాలో ఓవర్‌కోట్లు అమ్మే వ్యాపారి. పెళ్ళికి కానుకగా వచ్చిన కెమెరాతో కొడుకు స్టీవ్ ఆడే ఆటలన్నీ తీస్తుండేవాడు. 1962లో ధైర్యం చేసి ఆ ఏటి ఫైనల్‌ను తీసే హక్కులు మూడు వేల డాలర్లకు కొన్నాడు. అప్పట్లో దాన్ని చూసి నవ్వినవాళ్ళే ఎక్కువ. కంపెనీకి కూతురు బ్లెయిర్ పేరు పెట్టాడు. కొన్నాళ్ళకు ఫుట్‌బాల్ లీగే ఆ కంపెనీని కొనుక్కుంది.

టీవీ వాళ్ళు ఆటను పైనుంచి, దూరంనుంచి చూపించేవారు. సేబుల్ కెమెరా నేలమీదికి దిగింది. ఫిలిం మీద స్లోమోషన్‌లో గిర్రున తిరుగుతూ వచ్చే బంతి, వేళ్ళకంటిన బురద, చలిలో నోటినుంచి వచ్చే ఆవిరి, బెంచీ మీద కూర్చున్నవాడి కళ్ళు. కోచ్‌ల ఒంటికి మైకులు తగిలించి వాళ్ళ తిట్లు కూడా పట్టారు. పైన జాన్ ఫెసెండా అనే వార్తలు చదివే ఆయన కంఠం. దానికి ‘దేవుడి గొంతు’ అని పేరొచ్చింది. కింద శామ్ స్పెన్స్ సంగీతం. ఆయన జర్మనీలోని మ్యూనిక్‌లో ఆర్కెస్ట్రా పెట్టి రికార్డు చేసేవాడు. చూడండి విచిత్రం! ఆట అమెరికాలో, బాజా జర్మనీలో. ఆదివారం మధ్యాహ్నం బురదలో దొర్లిన మనుషులు రీరికార్డింగు అయ్యేసరికి రామరావణ యుద్ధంలో వీరుల్లా లేచి నిలబడ్డారు. 1974లో స్టీవ్ సేబుల్ రాసిన ఒక పద్యాన్ని ఫెసెండా చదివితే అది ఓక్లాండ్ జట్టుకు జెండా అయిపోయింది. ఆ జట్టు పేరు రైడర్స్. కబడ్డీలో కూతకు పోయేవాడినీ రైడరనే అంటాం కదా అని కోడేరు కుర్రాడు మురిసిపోయాడు.

మరి ఆ ఆట మన దగ్గర ఎందుకు పట్టలేదు? 2012లో ఎలైట్ ఫుట్‌బాల్ లీగ్ ఆఫ్ ఇండియా అని ఒకటి పెట్టి చూశారు. హైదరాబాద్ స్కైకింగ్స్ అని మనకూ ఒక జట్టుండేది. మీలో ఎందరికి గుర్తుంది? చేతులెత్తండి... అదీ సంగతి. దానికి మన పాట లేదు, మన కథ లేదు. దానికి దగ్గరి చుట్టమైన రగ్బీని రాజమౌళి 2004లోనే ‘సై’లో మనచేత ఈలలు వేయించి చూపించాడు. అప్పటికి తెలుగు ప్రేక్షకుల్లో నూటికి తొంభై మందికి రగ్బీ బంతి గుండ్రంగా ఉంటుందో కోలగా ఉంటుందో తెలియదని నా అనుమానం. కాలేజీలో కొట్టుకునే రెండు గ్రూపులు, స్థలం లాక్కోవడానికి వచ్చిన భిక్షు యాదవ్, చివరికి ఆటతోనే తేల్చుకోవాల్సిన పందెం. రూల్సు అర్థం కాకపోయినా కసి అర్థమయింది. కీరవాణి సంగీతం ఎప్పుడు భయపడాలో, ఎప్పుడు లేచి నిలబడాలో చెప్పేసింది. రాజమౌళికి సెంథిల్‌కుమార్ మొదటిసారి కెమెరా పట్టింది కూడా ఆ సినిమాకే. తర్వాత ‘మగధీర’లో, ‘బాహుబలి’లో మనం చూసిన జంట అక్కడ పుట్టింది. నితిన్ బంతి పట్టుకుని పరుగెత్తే షాట్లు ఇంకోసారి చూడండి, నేనెందుకు చెబుతున్నానో తెలుస్తుంది.

కూత తెగిందా, లేదా?

సెమీఫైనల్లో గొడవ అయింది.

కోడేరు కుర్రాడొకడు కూతకు పోయాడు. సన్నగా రివటలా ఉంటాడు. పోలీసు ఉద్యోగానికి పరుగు ప్రాక్టీసు చేస్తున్నాడట. అవతల నలుగురే మిగిలారు. ఇంకో రెండు పాయింట్లు తెస్తే ఆట ఇటు తిరుగుతుంది. వాడు గీత దాటగానే డీజే అతనికి ఉత్సాహం పొంగింది. బాక్సులన్నీ ఒక్కసారిగా మోగించాడు. నేల అదిరింది. కుర్రాడు ఒకణ్ణి తాకాడు, ఇంకొకడు కాలు పట్టాడు, లాక్కుంటూ లాక్కుంటూ చేయి చాపి గీత అందుకున్నాడు. జనం లేచారు. ఈలలు!

రిఫరీ మాత్రం అవతలివాళ్ళకు పాయింటు చూపించాడు. కూత తెగిందన్నాడు.

కబడ్డీలో ప్రాణమంతా అక్కడే ఉంది. అవతలి నేలమీద ఉన్నంతసేపూ ఊపిరి తీసుకోకుండా, అందరికీ వినబడేలా, తెంపు లేకుండా కూత పెట్టాలి. ఆపితే ఔటు. 1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో చేరినా, 2014లో ప్రొ కబడ్డీ లీగు వచ్చి మ్యాటూ లైట్లూ ముప్పై సెకండ్ల గడియారమూ తెచ్చినా, కూత మాత్రం పోలేదు. ఫుట్‌బాల్‌కు పాట ఎంతయినా పెట్టుకోవచ్చు. కబడ్డీలో ఆటే ఒక శబ్దం! ఆ మోతలో వాడి కూత ఎవరు విన్నారు? రిఫరీ విన్నాడా? పెదాలు ఆగడం చూశానన్నాడు. కుర్రాడు తల్లి మీద ఒట్టేశాడు. ఫోన్లలో వీడియోలు తీసినవాళ్ళు పది మంది ముందుకొచ్చారు. పది వీడియోల్లోనూ వినిపించింది పాటే.

అప్పుడు ఒక పెద్దాయన లేచాడు. తెల్ల పంచె, భుజాన తువ్వాల, వంగిన నడుము. ఎవరితోనూ మాట్లాడకుండా ట్రాక్టరు దగ్గరికి పోయి డీజే అతనితో అన్నాడు: “బిడ్డా, గది బంద్ జెయ్యి. కూత ఇన్పియ్యకపోతే గది ఆట గాదు, సర్కసు.”

ఆపేశారు. ఉన్నట్టుండి ఎంత నిశ్శబ్దం! ఎక్కడో కుక్క మొరిగింది. మోటారు బండి చప్పుడు దూరంగా పోయింది. కాసేపు వాదించుకుని ఆ కూత మళ్ళీ పొమ్మన్నారు. కుర్రాడు ముక్కు తుడుచుకుని గీత దాటాడు. ఇప్పుడు వినిపించింది. మొదట గట్టిగా, తర్వాత సన్నగా, ఆ తర్వాత గొంతులోంచి కాకుండా పక్కటెముకల్లోంచి వస్తున్నట్టుగా. అడుగుల కింద మట్టి కరకరా వినిపించింది. అవతలివాళ్ళు గుసగుసగా పిలుచుకోవడం వినిపించింది. నా ఒళ్ళు జలదరించింది. నేను చూసిన ఏ సినిమాలోనూ ఇంతటి బ్యాక్‌గ్రౌండు మ్యూజిక్కు లేదు.

ముగ్గురూ కలిసి పట్టేశారు. కూత తెగలేదు, కాని గీత అందలేదు. కోడేరు ఓడింది.

పెద్దాయన పక్కన కూర్చున్నాను. కుర్రతనంలో తనూ పేరున్న కూతగాడట. అప్పట్లో గీత నడుమ ఒక్కటే, లైట్లు లేవు, పండుగ వెన్నెలే. కృష్ణ ఒడ్డున ఊళ్ళకు పోయి ఆడి వచ్చేవాళ్ళట. “గా ఊర్లు ఇప్పుడు లెవ్వు సారూ. శ్రీశైలం నీళ్ళల్ల మునిగినయి. మేమాడిన బరి మీద చాపలు తిరుగుతున్నయి” అన్నాడు. తర్వాత ఆయన కూడా అందరిలాగే ఆనకట్టల పనికి వలస పోయాడు. పాలమూరు కూలీలు లేని డ్యాము దేశంలో ఉందా? తనను ఎవరైనా ఫోటో తీశారా అని అడిగాను. నవ్వి, “ఫోటో ఎందుకు? మా ఆట మీద ఒకాయన పదం గట్టిండు. పదిహేనేండ్లు పాడిండ్రు. పాడెటోళ్ళు సచ్చిపోయిండ్రు, గది బోయింది” అన్నాడు.

అదీ ఈ నేల పద్ధతి. బొమ్మ రాకముందు వీరుణ్ణి పాటే పుట్టించింది. ఇదే జిల్లా లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెర భుజాన వేసుకుని పండుగ సాయన్న కథ, మియాసాబ్ కథ ఊరూరా పాడాడు. పెద్దలను కొట్టి పేదలకు పెట్టిన సాయన్న పాలమూరులో నేటికీ బతికి ఉన్నాడంటే చరిత్ర పుస్తకాల వల్ల కాదు, కిన్నెర వల్ల. 2021లో తమన్ ఆ గొంతును తీసుకెళ్ళి ‘భీమ్లా నాయక్’ పాట ముందు పెట్టాడు. పవన్‌కళ్యాణ్ తెరమీదికి రాకముందే ఆ గొంతు ఆయన వంశాన్ని ప్రకటించింది. హీరోను చేయాలంటే ఇంత పెద్ద పరిశ్రమ కూడా చివరికి కిన్నెర దగ్గరికే రావాల్సి వచ్చింది చూశారా! (‘బలగం’లో ఏడిపించిన పస్తం మొగిలయ్య వేరు, ఆయనది వరంగల్ వైపు. చాలామంది కలిపేస్తుంటారు.) 2022లో కిన్నెర మొగిలయ్యకు పద్మశ్రీ వచ్చింది. ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటిస్థలం ప్రకటించింది. అదే మొగిలయ్య 2024లో హైదరాబాదు శివార్లలో కూలిపనికి పోతున్నాడని పత్రికల్లో ఫోటో వచ్చింది. నా మిత్రుడికి ఆ ఫోటో చూపిస్తే ఈసారి జాలిగా చూడలేదు, తల దించుకున్నాడు.

మర్నాడు పొద్దున బస్సు కోసం హోటలు ముందు నిలబడ్డాను. డిగ్రీ కుర్రాడు పరుగెత్తుకుంటూ వచ్చాడు. రాత్రంతా కూర్చుని సెమీఫైనల్ కూతను ఎడిటింగు చేశాడట. చూపించాడు. అబ్బ, ఎంత బాగా చేశాడో! గీత దాటే కాలు స్లోమోషన్‌లో, ఎగిరిన మట్టి గాల్లో ఆగిపోయినట్టు, కింద డప్పుల మోత. ఓడిపోయిన వాడు గెలిచిన వాడికంటే గొప్పగా కనిపిస్తున్నాడు. ఎడ్ సేబుల్ చూస్తే ఉద్యోగం ఇచ్చేవాడు.

పెద్దాయన కూడా అక్కడే టీ తాగుతున్నాడు. ఫోను ఆయన చేతికిచ్చాం. కళ్ళు చికిలించి రెండుసార్లు చూశాడు. తర్వాత ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు.

“కూతేదిరా?” అన్నాడు.

కుర్రాడు తడబడి, పాట తీసేసి అసలు వీడియో పెట్టాడు. గాలి చప్పుడు, ఎవరిదో దగ్గు, ఆ మధ్యలో సన్నగా, తెగకుండా ఆ కూత. పెద్దాయన టీ గ్లాసు కింద పెట్టి వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టుకున్నాడు, తన ఊపిరి కూడా బిగబట్టి.

“ఈ రెండిట్లో ఏది పెడతావు?” అని అడిగాను కుర్రాణ్ణి.

“రెండూ పెడ్త సార్” అన్నాడు. కాసేపాగి, “కాని పాట ఉన్నదాన్నే అందరు జూస్తరు” అన్నాడు.

కొల్లాపూర్ బస్సు వచ్చింది. డ్రైవరు టేపులో కూడా సినిమా పాటే మోగుతోంది. కిటికీ పక్కన సీటు దొరికింది.